ఆరుంబావు బండి

ఆ ఎండాకాలం బడి తెరిచేలోగా మేం పిల్లలకి నాలుగు వందల అరవై యూనిఫాం చొక్కాలు కుట్టి ఇవ్వాలి. తెల్ల చొక్కా, నీలం కాలరు, ఎడమవైపు ఒక జేబు. బావ కత్తిరిస్తాడు, అక్క మిషన్ మీద కుడుతుంది, నేను కాజాలు తీసి గుండీలు కుడతాను. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో పని పంపకం అదే. నేను వాళ్ళింటికి వచ్చి ఉంటున్నదీ ఆ తొమ్మిదేళ్ళుగానే. ఆ ఏడు మాత్రం సగం చొక్కాలు కూడా కాకముందే బావ చేతిలోంచి కత్తెర జారింది. గుండె సగమే పనిచేస్తోందన్నాడు డాక్టరు. మెట్లెక్కొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, కోపం తెచ్చుకోవద్దన్నాడు.

"మరదలు ఇంట్లో ఉండగా మూడోది ఎలా కుదురుతుంది డాక్టరుగారూ?" అన్నాడు బావ.

ముందుగదే మా కొట్టు. కిటికీ కింద రెండు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల. లోపలి గదిలో మంచం వేస్తామంటే బావ ససేమిరా అన్నాడు. బల్ల పక్కనే వేయించుకుని, పడుకునే మా ఇద్దరికీ పనులు పురమాయించేవాడు. అక్క కత్తెర జోలికి వెళ్ళేది కాదు. "ఆయన లేచాక ఆయనే కత్తిరిస్తారు" అనేది. గుడ్డ పక్కవీధి దర్జీకి పంపి కత్తిరించి తెప్పించుకునేవాళ్ళం. అతను తీసిన మెడ వంపు చూసినప్పుడల్లా బావ పళ్ళు నూరేవాడు.

మా చర్చి నుంచి ఏటా ఎండల్లో ఒక బస్సు కొండమీది మరియమాత గుడికి వెళ్తుంది. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. ముసలివాళ్ళు ఎక్కువ కాబట్టి చీకటిపడ్డాక బస్సు నడపరు, దారిలో సిస్టర్ల మఠంలో ఆగిపోతారు. అక్కకి పదకొండేళ్ళుగా ఆ కొండెక్కాలని కోరిక. ఏటా సరిగ్గా ఆ నెలలోనే చొక్కాలు మీద పడేవి. ఆ ఏడు బస్సులో రెండు సీట్లు మిగిలాయని తెలియగానే వెళ్ళి మా పేర్లు రాయించేశాను. అక్కని ఒక్కమాట కూడా అడగలేదు.

"ఈయన్నిలా వదిలేసి నేనెక్కడికీ రాను," అంది అక్క.

"నాలుగు రోజులే కదా. అమ్మడు సెలవు పెట్టి చూసుకుంటుంది. దాని చేతికింద మందు ఒక్క నిమిషం ఆలస్యం కాదు."

అమ్మడంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. గ్రంథాలయంలో పని. పుస్తకం ఒక్కరోజు ఆలస్యంగా తెస్తేనే మనిషిని నిలబెట్టి కడిగేస్తుంది.

"ఏమైనా అయితే?"

"ఏమీ కాదు. నాదీ పూచీ."

బావ మంచం మీదనుంచి అందుకున్నాడు. "వెళ్ళవే. నాలుగు రోజులైనా ఈ ఇంట్లో నా మాట చెల్లుతుంది."

నాదీ పూచీ అని ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అక్క ఆ మాట పట్టుకునే బయల్దేరింది.

సోమవారం పొద్దున్నే బస్సెక్కాం. యాత్రని నడిపించేది మాస్టారు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. అందరూ కూర్చోగానే ఒక గుడ్డసంచీ పట్టుకుని సీట్ల మధ్య తిరిగారు.

"ఫోన్లన్నీ ఇందులో వెయ్యండి. నాలుగు రోజులు దేవుడితో మాట్లాడండి, ఆయన లైను ఎప్పుడూ ఖాళీయే. ఇళ్ళల్లో నా నంబరు ఇచ్చి వచ్చారుగా, అవసరమైతే నాకే చేస్తారు."

ఆ తర్వాత పొడుగాటి నోటుపుస్తకం తీశారు. ఎడమ పేజీలో జబ్బుపడ్డవాళ్ళ పేర్లు, కుడి పేజీలో చనిపోయినవాళ్ళ పేర్లు. కొండమీద పూజలో ఆయన అవి ఒక్కొక్కటే చదువుతారు, మేమంతా గొంతు కలుపుతాం. అందుకోసమే జనం అంతదూరం వస్తారు. బావ పేరు ఎడమ పేజీలో మొట్టమొదట ఎక్కింది.

"పెద్దక్షరాలతో రాయండి మాస్టారూ," అంది అక్క. "అక్కడ మీకు చూపు ఆనలేదంటే నా కొంప మునుగుతుంది."

మా ముందు సీట్లో రేడియో అత్త. ఆవిడకా పేరు పెట్టింది ఎవరో తెలీదు, పెట్టినందుకు ఆవిడకేం కోపమూ లేదు. బస్సు కదిలినప్పటి నుంచి ఆవిడ నోరు మూతపడలేదు. ఒకసారి వెనక్కి తిరిగి అక్కని ఎగాదిగా చూసి, "అమ్మాయ్, దేవుడి కొలతలు కూడా తీసుకుంటావా ఏంటి?" అంది. చూస్తే అక్క మెళ్ళో కొలత టేపు. మిషన్ ముందునుంచి లేచింది లేచినట్టే వచ్చేసింది. బస్సంతా ఘొల్లుమంది. అక్క కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. బావ పడ్డాక అక్క నవ్వడం అప్పుడే చూశాను, తీసుకొచ్చి మంచిపని చేశానని పొంగిపోయాను.

మంగళవారం మధ్యాహ్నానికి కొండ కిందికి చేరాం. యాత్రికులు దిగే సత్రంలో పొడవాటి గది, వరసగా మంచాలు. ఐదింటికి కొండమీద పూజ. అక్క స్నానం చేసొచ్చి తల దువ్వుకుంటోంది. మాస్టారు గుమ్మంలో నిలబడి నన్ను చేత్తో పిలిచారు. నడవా చివర కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి తన ఫోను నా చేతిలో పెట్టారు. 

"పిన్నీ," అంది అమ్మడు. "నాన్న పోయాడు. రెండింటికి. మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు తెచ్చేలోపే..."

 అది కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, తనే చెప్పింది. అక్కడ శవాన్ని ఉంచడానికి చల్లగది లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. రేపు పొద్దున పదిన్నర దాటితే ఆపడం కష్టమని ఫాదరు అన్నారట.

"అమ్మ అప్పటికి రాగలదా పిన్నీ? బస్సు కాక ఇంకేదైనా దారి ఉందేమో కనుక్కో."

"ఉండు," అని ఫోను చేత్తో మూశాను.

మాస్టారు అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు. "స్టేషన్ ఇక్కడికి నడిచేంత దూరమేనమ్మా. ఆరుంబావుకి ఒక బండి ఉంది. అది మన బస్సులా ఎక్కడా పడుకోదు, పొద్దున ఆరున్నరకల్లా మన ఊళ్ళో దింపుతుంది. నేను పరుగున వెళ్ళి టిక్కెట్లు తెస్తాను. మీరిద్దరూ వెళ్ళిపోండి."

గోడ గడియారంలో నాలుగుంబావు. రెండు గంటల టైముంది. లోపలికి వెళ్ళి ఒక్కమాట చెప్తే సరిపోయేది. తెరిచిన తలుపులోంచి అక్క కనిపిస్తోంది. పిన్నులు పంటికింద పెట్టుకుని, పక్క మంచం ముసలావిడకి జడ వేస్తోంది.

"పూజ అవనివ్వండి మాస్టారూ," అన్నాను. "పదకొండేళ్ళ కోరిక. ఆ ఒక్క ప్రార్థనా చేసుకోనివ్వండి. తర్వాత చెబుదాం."

"తర్వాతంటే బండి ఉండదమ్మా. మళ్ళీ రేపు సాయంత్రమే."

"తెలుసు."

"ఆలోచించే అంటున్నావా?"

"ఆలోచించే."

ఏమీ ఆలోచించలేదు. అప్పుడు దాన్ని జాలి అనుకున్నాను. జాలి కాదు, భయం. నాదీ పూచీ అన్న నోటితో ఆ కబురు చెప్పాలంటే నాకు నోరు పెగల్లేదు. ఒక్క గంట వాయిదా పడితే చాలనిపించింది. ఆ గంట ఖరీదేంటో నాకు బాగా తెలుసు, అయినా సరే అనుకున్నాను.

ఫోను చెవిన పెట్టుకుని, "వేరే దారేం లేదమ్మడూ," అన్నాను. "మేం గురువారం మధ్యాహ్నానికి గానీ రాలేం. మీరు కానిచ్చెయ్యండి."

"అమ్మకి చెప్తావా?"

"చెప్తాను."

వెనక్కి తిరిగేసరికి కుళాయి దగ్గర రేడియో అత్త. సీసా నిండి నీళ్ళు చేతి మీదుగా పోతున్నా కుళాయి కట్టలేదు. నేను అమ్మడితో అన్న చివరి మాటలు వినేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట మాట రాకపోవడం అదే మొదటిసారేమో. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. కొండెక్కేలోగా నలభై మందికీ తెలిసిపోయింది. అక్క చెవిన మాత్రం ఎవరూ వెయ్యలేదు. నేనే చెప్పాలని వాళ్ళు ఎదురుచూశారు, పూజ అయ్యాక చెప్తానని మాస్టారు వాళ్ళని ఊరుకోబెట్టారు.

పూజలో మాస్టారు నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డారు. ఎడమ పేజీ చదవడం మొదలుపెట్టారు. రెండో పేరునుంచి. ఒక్కొక్క పేరు పలికాక మేమంతా "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అంటున్నాం. అక్క మెడ సాచి వింటోంది. ఎడమ పేజీ అయిపోయింది. కుడి పేజీ కూడా అయిపోయింది. ఆఖర్న మాస్టారు ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. చనిపోయిన మనిషిని జబ్బుమనిషంటూ దేవుడి ముందు చదవడానికి ఆయనకి నోరు రాలేదు. అక్క ఎదురుగా ఉండగా ఆ పేరు కుడి పేజీలోకి మార్చడానికీ చెయ్యి రాలేదు. అబద్ధం ఆడ్డం చేతకాని మనిషి కాబట్టి ఆ పేరునే వదిలేశారు.

అక్క లేచి నిలబడింది. "మాస్టారూ, ఒక పేరు మర్చిపోయారు. ఎడమ పేజీలో మొదటిదే."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆయనకి చూపు ఆనడం లేదనుకుంది అక్క. ఇక ఆగలేదు. తనే గొంతెత్తి బావ పేరు చెప్పింది. "మా ఆయన కోసం. గుండె జబ్బుతో మంచాన పడ్డారు. ఇంకా కత్తిరించాల్సిన గుడ్డ బల్ల నిండా ఉంది. ఆయన్ని లేపి కూర్చోబెట్టు తల్లీ."

గుడిలో ఎవరూ కదల్లేదు. ఒకరు అడిగాక మిగతావాళ్ళు గొంతు కలపాలి. అక్క మా వైపు తిరిగి చూస్తూ నిలబడింది. ఎవరో ఒకరు అనకపోతే ఆమెకి అక్కడే తెలిసిపోతుంది. నేనే ముందు అన్నాను. "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము." నా వెనకాల నలభై మందీ అన్నారు. ఏడుపు ఆపుకోవడానికి అరిచినట్టే అన్నారు. రేడియో అత్త చేతిగుడ్డ నోట్లో కుక్కుకుంది.

అక్క కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "చూశావా, ఎంత గట్టిగా అన్నారో. ఆయనంటే అందరికీ ఎంత ప్రేమే!" అని నా చెవిలో అంది. ఆ అరచెయ్యి చల్లగా, తేలిగ్గా ఉంది. కిందికి దిగేసరికి ఏడుంబావు అయింది.

బుధవారం పొద్దున తిరుగుప్రయాణం. అక్కకి ఎండ తగలని సీటు ఖాళీ చేసి ఇచ్చారు. పళ్ళు ఒలిచి పెట్టారు. ఎక్కడ దిగినా చెయ్యి పట్టుకుని దింపారు.

"ఏంటే, అందరూ నన్ను పెళ్ళికూతురిలా చూస్తున్నారు?" అంది నాతో. ముందు సీటువైపు వంగి, "అత్తా, రేడియోకి బ్యాటరీలు అయిపోయాయా?" అంది. రేడియో అత్త వెనక్కి తిరగలేదు.

ముందు రోజు రాత్రి సత్రంలో అక్క ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. బావ మంచాన పడ్డాక అలా నిద్రపోవడం లేదు. బస్సులో కూర్చుని నెల తిరక్కుండా బావ ఎలా లేచి తిరుగుతాడో చెబుతూనే ఉంది. పక్కవీధి దర్జీ పాడుచేసిన మెడలు విప్పించి మళ్ళీ కత్తిరించాలంటే ఎన్ని రోజులు పడుతుందో లెక్కేసింది. 

పదిన్నరకి మాస్టారు బస్సు ఆపించారు. "ఐదు నిమిషాలు దిగి ప్రార్థన చేసుకుందాం," అన్నారు. అది ఊరూ కాదు, గుడీ కాదు. ఎండలో రోడ్డు పక్కన అందరూ దిగి నిలబడ్డారు. కొందరు కంకర మీదే మోకాళ్ళూనారు. ఆ సమయానికి మా ఊళ్ళో అమ్మడు ఒక్కత్తీ శవపెట్టె వెంట నడుస్తూ ఉంటుంది.

"ఈయన బస్సు టైర్లకి కూడా ప్రార్థన చేయిస్తాడే," అని గొణిగింది అక్క. అని, కళ్ళు మూసుకుని తనూ చేసింది.

ఆ సాయంత్రం మఠంలో చెప్పేద్దామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ నీళ్ళు నమిలాను. అన్నీ అయిపోయాక ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఇంటికి వెళ్ళాక తెలుస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకసారి దాటేసిన మాట రెండోసారి మరీ బరువైపోతుంది.

గురువారం మధ్యాహ్నం బస్సు మా వీధి మొదట్లో ఆగింది. ఏటా అక్కడ దిగగానే ఎవరి సంచులు వాళ్ళు ఎత్తుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఆ రోజు ఎవరూ పోలేదు. అందరూ అక్క వెనకాలే నడిచారు.

"మీరంతా ఎక్కడికి?" అంది అక్క. అందరూ తలలు దించుకున్నారు. అక్క నడక పెంచింది.

తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మిషన్ల మీద గుడ్డలు కప్పారు. కత్తిరింపు బల్ల గోడకి జరిపారు. గదినిండా ఎక్కడినుంచో తెచ్చిన కుర్చీలు. బావ మంచం లేదు. అక్క ఆ చోటు చూసి, లోపల్నుంచి వస్తున్న అమ్మడిని చూసింది.

"లోపలి గదిలో వేశారా మంచం? ఎలా ఒప్పుకున్నారే?"

అమ్మడు నావైపు చూసింది. "పిన్నీ, చెప్పలేదా?"

అక్క దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చుంది. సంచీ ఒళ్ళోనే ఉంది. "ఎప్పుడు?" అంది.

"మంగళవారం రెండింటికమ్మా. నిన్న పదిన్నరకి తీసుకెళ్ళాం."

"మంగళవారం," అంది అక్క. "నేను ఐదింటికి అడిగాను." గుమ్మం బయట నిలబడ్డ నలభై మందినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. "నువ్వే ముందు అన్నావు. ఆలకింపుమని."

ఆ తర్వాత అక్క ఏడ్చిన ఏడుపు గురించి నేను చెప్పలేను. అమ్మడి భుజం మీద పడి ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్తే మొహం తిప్పుకుంది. ఆమె ఒళ్ళోంచి జారిన సంచీ పట్టుకుని ఆ కుర్చీల మధ్య ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

బడి తెరవడానికి నెలే గడువు. చొక్కాలు ఎవరి కోసమూ ఆగవు. పదో రోజున అక్క మిషన్ల మీద గుడ్డలు తీసేసి, బల్లని మధ్యకి లాగి, కత్తెర తనే అందుకుంది. మొదటి చొక్కా మెడ వంకరపోయింది. దాన్ని పక్కన పడేసి ఇంకో గుడ్డ పరిచింది. నాలుగో రోజుకి చెయ్యి కుదిరింది. నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడేది కాదు. దారం ఉందా, కాజాలు అయ్యాయా, అంతే. నాకు అన్నం మాత్రం తనే పెట్టేది. వీధిలో వాళ్ళందరూ వచ్చి పలకరించి వెళ్ళారు. మాస్టారు ఒక్కరే రాలేదు. బండి సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

ఇంకో అరవై చొక్కాలు మిగిలాయనగా, ఒక మధ్యాహ్నం అక్క కత్తిరిస్తూ కత్తిరిస్తూ మాట్లాడింది.

"నీ మీద కోపం పోయిందే నాకు."

నేను గుండీ మీదనుంచి తలెత్తాను.

"ఇన్నాళ్ళూ అదే ఆలోచించాను. నువ్వు అప్పుడే చెప్పినా నేనేం చేసేదాన్ని? అంత దూరంలో తల నేలకేసి కొట్టుకునేదాన్ని. ఆయన్ని చూడ్డానికి ఎలాగూ రాలేకపోయేదాన్ని. నువ్వు చెప్పకపోబట్టి ఆ ఒక్క రాత్రన్నా నిద్రపోయాను. అంతే కదా? మనిద్దరం ఇలా ఎన్నాళ్ళుంటాం? ఆయనకీ నచ్చదు." కత్తెర కింద పెట్టకుండానే నావైపు చూసి కొంచెం నవ్వింది. "ఇవాళ్టి నుంచి ఇద్దరం కలిసి తిందాం."

నేను తలూపితే సరిపోయేది. ఆ ఇల్లు, ఆ కిటికీ, అక్క పక్కన నా కుర్చీ, అన్నీ నావే. ఇరవై రోజులుగా ఆ నవ్వు కోసమే ఎదురుచూశాను. తీరా వచ్చాక అది నాకు చెందదని అర్థమైంది. నేను చెప్పిన అబద్ధం మీద కూర్చుని ఆమె నన్ను క్షమిస్తోంది.  కుళాయి దగ్గర పట్టుకున్న భయమే మళ్ళీ పట్టుకుంది.

"బండి ఉంది అక్కా," అన్నాను.

"ఏ బండి?"

"ఆ మంగళవారం, కొండ కింద స్టేషన్ నుంచి. మాస్టారు టిక్కెట్లు తెస్తానన్నారు. నేనే వద్దన్నాను. వేరే దారి లేదని అమ్మడికి చెప్పిందీ నేనే."

గుడ్డ మధ్యలో కత్తెర ఆగిపోయింది.

"ఎన్నింటికి?"

"ఆరుంబావుకి."

"ఇక్కడికి?"

"పొద్దున ఆరున్నరకి."

అక్క కళ్ళు గుడ్డ మీదే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. ఆరున్నర నుంచి పదిన్నర దాకా లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుసు.

"నాలుగు గంటలు," అంది. "నాలుగు గంటలు ఆయన పక్కన కూర్చునేదాన్ని."

 ఆగిన చోటునుంచే కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ రోజు నా అన్నం విడిగానే పెట్టింది.

బడి తెరిచే ముందురోజు చివరి చొక్కాకి చివరి గుండీ కుట్టి, నా పెట్టె సర్దుకున్నాను. అమ్మడు గుమ్మం దాకా వచ్చింది. వెళ్ళొస్తానక్కా అన్నాను. అక్క మిషన్ ఆపలేదు.